కలప తొలిచే బిట్లు: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో ఎంపిక, వాడకం

కలపలో గుండ్రని బెజ్జం వేయడానికి చేతి బరమాకు గాని, బ్రేసుకు గాని, కరెంటు డ్రిల్లింగ్ మిషనుకు గాని బిగించే ఉక్కు పనిముట్టును బిట్టు అంటారు. పరిమాణంలో చిన్నదైనా వడ్రంగంలో అమరిక, బిగువు, నునుపు చాలావరకు దీని మీదనే ఆధారపడతాయి. ద్వారబంధంలో కుసిని పట్టి ఉంచే కొయ్యచీల, తలుపు రెక్కను మోసే మడతబందు స్క్రూ, అల్మారా తలుపులో ఇమిడే కీలుగిన్నె, గొర్రు జడ్డిగం అడుగున విత్తనం జారే కన్నం, అన్నీ ఒక బెజ్జంతోనే మొదలవుతాయి. ఖమ్మం మైదానం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగే అడవి అంచున ఈ ఎంపిక మరింత చిక్కైనది, ఎందుకంటే ఇక్కడి వడ్రంగికి టేకు, నల్లమద్ది, జామాయిలు, తాటి, వెదురు, ప్లైవుడ్డు అన్నీ పనిలో తగులుతాయి, వాటిలో ఏ రెండూ బిట్టు కింద ఒకే విధంగా తెగవు. కంపెనీ పేరో, పూత రంగో, ధరో చూసి బిట్టు కొనే అలవాటు బజారులో బలంగా ఉంది. నిజానికి ఎంపిక కర్ర దగ్గరే మొదలు కావాలి. కర్ర స్వభావాన్ని బట్టి మొన రూపం, పని పరిమాణాన్ని బట్టి ఉక్కు రకం తేలిన తరువాతే తయారీదారు ఎవరన్న ప్రశ్నకు చోటు ఉంటుంది.

ప్రాంతం, అక్కడి కర్ర

ఈ సీమ పాలనా చరిత్ర కలప వ్యాపారంతో పాటు నడిచింది. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతి నుంచి బ్రిటిష్ పాలనలోకి మారి, కొంతకాలం ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరింది. 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో అది 1959లో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లగా, పాత ఖమ్మం జిల్లా అడవిలో పెద్ద భాగం 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు దక్కింది. రోడ్లు సరిగా లేని కాలంలో ఈ అడవుల కలప, వెదురు తెప్పలుగా కట్టి నదిలో వదిలితే ప్రవాహంతో పాటు రాజమహేంద్రవరం చేరేవి. ఇప్పుడు అడవి కర్ర మీద రవాణా నియమాలు, అభయారణ్య హద్దులు ఉన్నాయి. కిన్నెరసాని అభయారణ్యాన్ని 1977లోనే ప్రకటించారు. అందువల్ల నేటి వడ్రంగి దుకాణంలోకి వచ్చే కర్రలో కొంత డిపో వేలంలో కొన్న టేకు, కొంత రైతుల గట్ల మీద పెరిగిన లేత టేకు, కొంత పాత ఇళ్లు విప్పగా వచ్చిన దూలాలు, వాసాలు, మిగిలినది జామాయిలు, ప్లైవుడ్డు. సారపాక కాగితం మిల్లు చుట్టూ అల్లుకున్న జామాయిలు, సుబాబుల్ తోటలు గుజ్జు కోసమే పెంచినవైనా, ఆ వాసాలు పందిళ్లకు, పశువుల కొట్టాలకు, చవక మంచాలకు కూడా వాడుకలోకి వచ్చాయి.

టేకు మెత్తగా తెగుతుందని పేరు. ఎండిన టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది, ఎండకు వానకు తక్కువగా ముడుచుకుంటుంది, ఉలికి లొంగుతుంది. అయినా బిట్లను త్వరగా మొద్దుబార్చే కర్రల్లో ఇది ఒకటి, కారణం దాని కణాల్లో పేరుకొనే సిలికా. ఇసుకలో ఉండే పదార్థమే అయిన ఈ సిలికా కొన్ని దుంగల్లో కర్ర బరువులో నూటికి ఒక పాలు దాటి కూడా ఉండవచ్చు, అది కోత అంచును ప్రతి చుట్టులోనూ కొద్దికొద్దిగా అరగదీస్తుంది. పైగా టేకులో ఏటా మొదట పెరిగే పొరలో పెద్ద రంధ్రాలు, తరువాతి పొరలో గట్టి పోగులు ఉంటాయి కాబట్టి, నడిమి ముల్లు లేని బిట్టు గట్టి పొరను తప్పించుకొని మెత్తని పొర వైపు జారిపోతుంది. గట్ల మీద పెరిగిన లేత టేకులో చేవ తక్కువ, బయటి తెల్లచెక్క ఎక్కువ. అది సులువుగా తెగినా బెజ్జం అంచున పోగులు లేచి గరుకుదేలుతుంది.

నల్లమద్ది సంగతి వేరు. ఘనపు మీటరుకు 850 కిలోల దరిదాపు తూగే ఈ కర్ర కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నారవాటం ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు అల్లుకొని పెరుగుతుంది, అందువల్ల బిట్టు ఒక చుట్టులో సగం వాలుగా, సగం ఎదురుగా కోయవలసి వస్తుంది. బొజ్జ, అంటే కొండతంగేడు, ఇంతకన్నా బరువైనది. జిట్రేగి గట్టిదే అయినా పోగు సన్నగా, ఒత్తుగా ఉండడం వల్ల పదునైన బిట్టుకు అద్దంలాంటి గోడను ఇస్తుంది. ఏగిసలో ఎర్రని జిగురు ఉంటుంది, వేడికి అది కరిగి బిట్టు గాడుల్లో అంటుకొని పొట్టును బిగదీస్తుంది. బండారు, వేప, మామిడి కర్రలకు ప్రత్యేక జాగ్రత్త అక్కరలేదు. జామాయిలు మాత్రం మొండిది: పచ్చి వాసంలో నార మెలితిరిగి ఉంటుంది, చెట్టు పెరిగేటప్పుడే కాండంలో బిగువు నిలిచి ఉంటుంది, కోసిన చివర బెజ్జం వేస్తే అక్కడి నుంచే నిలువునా పగులుతుంది.

తాటి దూలం నిజానికి మిగిలిన కర్రల కోవలోనిది కాదు. దానికి ఏటి వలయాలు లేవు. మెత్తని గుజ్జులో నల్లని గట్టి పోగులు కట్టలుగా దిగి ఉంటాయి, అవి బయటి వైపు దట్టంగా, లోపల పలుచగా ఉంటాయి. సాదా మెలిక బిట్టు పెడితే మొన రెండు పోగుల నడుమ దూరి పక్కకు పోతుంది, బయటికి వచ్చే చోట పోగులను తెంపకుండా పొడుచుకు లేపుతుంది. వెదురు చర్మంలోనూ సిలికా ఉంది, పైగా గోడ పలుచన, చీలిక సులువు. కొండరెడ్లు, కోయలు వెదురుతో చేసే బుట్టలు, దడులు, తడికలకు బిట్టు అవసరం దాదాపు ఉండదు. కాని వెదురు మంచం, కుర్చీ, దీపపు గూడు వంటి అమ్మకపు వస్తువుల్లో చీలని బెజ్జమే అసలు నైపుణ్యం. పిల్లనగ్రోవికి కాల్చిన చువ్వతో కన్నాలు పొడిచే పద్ధతి ఈ చిక్కుకు పాత జవాబు: ఎర్రగా కాగిన ఇనుము పోగును కోయదు, మాడుస్తుంది, కాబట్టి చీలిక పుట్టదు.

పాత పనిముట్లు

తొలిచే పని మనిషి చేతి పనుల్లో చాలా పాతది. నేటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7500 నుంచి 9000 ఏళ్ల కిందట బతికినవారి దంతాలకు చెకుముకి రాతి మొనలతో వేసిన రంధ్రాలు ఉన్నట్టు 2006లో ప్రకటించారు. పూసలకు కన్నం వేసే నేర్పే అక్కడ పంటికి కూడా ఉపయోగపడిందని పరిశోధకుల ఊహ. తెలుగు వడ్రంగుల బరమా ఆ వంశానికి చెందినదే. కొయ్య కదురుకు కింద ఉక్కు మొన, పైన అరచేతితో అదిమే గుబ్బ, కదురుకు చుట్టిన తాడును ముందుకూ వెనక్కూ లాగే విల్లు, ఇవి దాని భాగాలు. కదురు రెండు వైపులా తిరుగుతుంది కాబట్టి మొన కూడా రెండు వైపులా కోయాలి. అందుకే బరమా మొనను బల్లెపు ఆకులా చదునుగా సాగగొట్టి రెండు అంచులకూ సానపెట్టేవారు. అది కర్రను కోయడం కన్నా గీకడం ఎక్కువ, గట్టి కర్రలో ఆలస్యం, లోతు బెజ్జంలో పొట్టు బయటికి రాదు. కాని దాని మొన కమ్మరి కొలిమిలో తయారయ్యేది, అరిగితే అక్కడికే తిరిగి వెళ్లేది; ఆ పద్ధతిలో పనిముట్టు, మరమ్మతు రెండూ ఊళ్లోనే ఉండేవి.

లారీల కమాను పట్టీలు దొరకడం మొదలైన తరువాత కమ్మరులు ఉలులు, బాడిసలతో పాటు చదును బిట్లను కూడా ఆ ఉక్కుతోనే సాగగొట్టారు. ఎర్రగా కాచి నీటిలోనో నూనెలోనో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది గాని పెళుసుదేలుతుంది. అందుకే మళ్లీ మెల్లగా వేడిచేసి, మెరిసే ఉపరితలం మీద లేత పసుపు (సుమారు 220 డిగ్రీలు) లేక గోధుమ రంగు (సుమారు 250 డిగ్రీలు) కనిపించగానే ఆపడం, దీనినే పదును పట్టడం అంటారు. రంగు నీలానికి తిరిగితే 300 డిగ్రీల దరికి చేరినట్టు, గట్టితనం తగ్గినట్టు. ఈ రంగుల పరిజ్ఞానం బజారులో బిట్టు కొనేవారికి నేటికీ పనికివస్తుంది, వేగంగా తిప్పి మాడ్చిన బిట్టు మొన మీద అదే నీలం కనిపిస్తుంది కనుక.

ఒకే దిక్కున తిరిగే మెలిక బిట్లు ఐరోపా, అమెరికాల నుంచి వచ్చాయి. ఇంగ్లండులో ఫినియాస్ కుక్ 18వ శతాబ్ది చివరి భాగంలో మెలిక ఆగర్‌కు రూపమిచ్చాడు. 1855లో రసెల్ జెన్నింగ్స్ రెండు మెలికల బిట్టుకు, 1863లో స్టీఫెన్ మోర్స్ లోహం తొలిచే మెలిక బిట్టుకు, 1874లో బెంజమిన్ ఫోర్స్ట్‌నర్ తన పేరున నిలిచిన బిట్టుకు పేటెంట్లు పొందారు. కరెంటు డ్రిల్లు 1889లో మెల్‌బోర్న్‌లో, చేత పట్టి వాడే రకం 1895లో జర్మనీలోని ఫైన్ సోదరుల వద్ద పుట్టాయి. ఈ క్రమంలో గమనించవలసినది ఒకటి ఉంది: నేడు దుకాణాల్లో సర్వసాధారణంగా దొరికే మెలిక బిట్టు పుట్టింది లోహం కోసం, కర్ర కోసం కాదు.

మొన రూపాలు

లోహపు మెలిక బిట్టు మొన శంకువు ఆకారంలో, సాధారణంగా 118 డిగ్రీల కోణంతో ఉంటుంది, గట్టి లోహాలకు 135 డిగ్రీలు. శంకువు కొసన రెండు అంచులు కలిసేచోట ఉండే అడ్డగీత కోయదు, నలుపుతుంది. ఇనుములో దానికి ముందే సుత్తితో గుంట కొడతారు కాబట్టి నడుస్తుంది, కర్రలో మాత్రం పోగు వెంట జారుతుంది. పైగా శంకువు ముందుగా మధ్యభాగాన్ని తొలిచి అంచును చివర తాకుతుంది, అందువల్ల బెజ్జపు అంచున పోగులు తెగడానికి బదులు లేచివస్తాయి. అయినా దీన్ని పూర్తిగా తోసిపుచ్చకూడదు. స్క్రూలకు ముందు వేసే సన్నని బెజ్జాలకు, అంటే 2 నుంచి 4 మిల్లీమీటర్ల వాటికి ఇదే మేలు. పాత ఇళ్ల కలపలో మేకులు తుప్పుపట్టి కనిపించకుండా మిగిలిపోతాయి, అలాంటి కర్రకు కూడా ఇదే సరి, ఎందుకంటే మేకు తగిలితే దీని అంచు కొద్దిగా దెబ్బతింటుంది, పక్క ముళ్లున్న ఖరీదైన బిట్టు అయితే ముళ్లే విరుగుతాయి.

ముళ్ల బిట్టు ప్రత్యేకించి కర్ర కోసం చేసినది. నడిమి ముల్లు సరిగ్గా గీత మీద గుచ్చుకొని నిలుస్తుంది, చుట్టూ ఉన్న రెండు పక్క ముళ్లు ముందుగా బెజ్జపు వలయాన్ని గీరి పోగులను తెంపుతాయి, ఆ తరువాతే కోత అంచులు లోపలి కర్రను ఎత్తిపారేస్తాయి. టేకులో, తాటిలో, ప్లైవుడ్డు పైపొరలో బెజ్జం అంచు శుభ్రంగా రావడానికి ఈ వరుసక్రమమే కారణం. అయితే బజారులో ముళ్ల బిట్ల పేరున అమ్మే చాలా వాటిలో పక్క ముళ్లు నామమాత్రం. చూసి గుర్తించవలసింది ఇదే. బిట్టును కంటి ఎత్తున నిలువుగా పట్టుకుంటే నడిమి ముల్లు అన్నిటికన్నా ఎత్తున, పక్క ముళ్లు రెండూ ఒకే మట్టంలో, కోత అంచులు వాటికన్నా కొద్దిగా దిగువన కనిపించాలి. కోత అంచులే పక్క ముళ్లతో సమానంగా గాని, పైకి గాని ఉంటే ఆ ముళ్లు గీరే పని జరగదు, అది ముళ్ల బిట్టు రూపంలో ఉన్న సాదా బిట్టే.

ఆగర్ బిట్టుకు నడిమి ముల్లు స్థానంలో చిన్న మరమొన ఉంటుంది, అది కర్రలో దిగుతూ బిట్టును తనంతట తానే లోపలికి లాగుతుంది. లోతైన బెజ్జాలకు, దూలాలకు, బండి భాగాలకు ఇది తిరుగులేనిది, వెడల్పైన మెలిక పొట్టును మోసుకు బయటికి తెస్తుంది. లాగుడు చేతి బ్రేసుకు వరం; వేగంగా తిరిగే మిషనులో అదే ప్రమాదం, ఎందుకంటే నల్లమద్ది వంటి కర్రలో మరమొన పట్టు వదలక మిషనే చేతిలో మెలితిరిగి మణికట్టును దెబ్బతీస్తుంది. బ్యాటరీ డ్రిల్లుతో మారుమూల గూడేలకు వెళ్లి పనిచేసేవారు పెద్ద ఆగర్‌కు బదులు మరలేని మొనవాటిని ఎంచుకోవడం, లేదా రెండు దశల్లో బెజ్జం పెంచడం మంచిది.

చదును బిట్టు చవకది, కమ్మరి బరమా మొనకు దగ్గరి చుట్టం. 16 మిల్లీమీటర్లకు మించిన మామూలు కన్నాలకు చాలు, కాని గోడ గరుకుగా వస్తుంది, వంకర దారిలో సులువుగా పోతుంది. ఫోర్స్ట్‌నర్ బిట్టు దీనికి పూర్తిగా ఎదురు. దాని బయటి వలయమే కర్రలో దారి చూపుతుంది, నడిమి ముల్లు గుర్తుకు మాత్రమే. అందుకే కర్ర అంచుకు సగం బయట ఉండే బెజ్జాన్ని, వాలుగా దిగే బెజ్జాన్ని, చదును అడుగుతో ఉండే గుంటను ఇది ఒక్కటే చక్కగా తీస్తుంది. లోతుకు పనికిరాదు, పొట్టు బయటికి పోయే గాడి లేదు. తాళాలకు వాడే హోల్ సా అసలు బిట్టు కాదు, గుండ్రటి రంపం.

కాంక్రీటు గోడకు వాడే బిట్టును కర్రకు పెట్టడం ఈ ప్రాంతపు ఊళ్లలో తరచు కనిపించే పొరపాటు. కార్బైడ్ తునక అతికించిన ఆ మొన రాతిని దెబ్బలతో పొడిచేయడానికి మొద్దుగా చేసినది; కర్రను అది కోయదు, రుద్ది మాడుస్తుంది, బెజ్జం కొలతకన్నా పెద్దదవుతుంది. మొన దగ్గర కాడకన్నా వెడల్పుగా, వేరే రంగులో అతికించిన ముక్క కనిపిస్తే అది గోడ బిట్టని గుర్తు.

ఉక్కు, పూత, బజారు పరీక్ష

సాదా కార్బన్ ఉక్కు 200 నుంచి 250 డిగ్రీల వేడికే గట్టితనం కోల్పోతుంది. 1898–1900 మధ్య అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్, మౌన్సెల్ వైట్ రూపొందించిన వేడిచర్య నుంచి పుట్టిన హైస్పీడ్ ఉక్కు, అంటే బిట్ల కాడ మీద ఎచ్ఎస్ఎస్ అని ముద్రించి ఉండేది, సుమారు 600 డిగ్రీల దాకా నిలుస్తుంది. దానిలో వాడుకైన ఎం2 రకంలో టంగ్‌స్టన్ నూటికి 6, మాలిబ్డినం 5, క్రోమియం 4, వెనేడియం 2 పాళ్లు ఉంటాయి. ఎం35లో 5 పాళ్లు, ఎం42లో 8 పాళ్లు కోబాల్టు కలుపుతారు. అవి స్టెయిన్‌లెస్ ఉక్కు తొలవడానికి అవసరం, కర్రకు ఆ ఖర్చు అనవసరం. కర్ర కోసం మేలైన కార్బన్ ఉక్కుతో చేసిన ముళ్ల బిట్టు సాదా ఎచ్ఎస్ఎస్ బిట్టు కన్నా పదునుగా కోస్తుంది కూడా. కాని సిలికా టేకులో, మిషను వేగంలో దాని ఆయుష్షు తక్కువ. రోజంతా టేకు మీదనే పనిచేసే దుకాణానికి ఎచ్ఎస్ఎస్ ముళ్ల బిట్లు, జిగురు పొరలున్న ప్లైవుడ్డు, పార్టికల్ బోర్డు ఎక్కువైతే కార్బైడ్ అంచు బిట్లు తగినవి. జిగురు గట్టిపడితే ఉక్కును కర్రకన్నా వేగంగా అరగదీస్తుంది. కార్బైడ్‌కు మాత్రం దాచిన మేకు తగిలితే అంచు పొక్కుతుంది, ఊళ్లో సానపట్టలేరు.

బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత నిజమైనదైతే మంచిదే, రాపిడి తగ్గిస్తుంది. కాని సానపెట్టిన మరుక్షణం కోత అంచు మీద అది పోతుంది, చవక బిట్ల మీద పసుపు రంగు రంగే గాని పూత కాదు. నల్లని ఆక్సైడ్ పూత తుప్పును కొంత ఆపుతుంది. గోదావరి తేమలో, వానాకాలంలో ఆ మేలు చిన్నది కాదు. పూతను బట్టి ఉక్కును నిర్ణయించడం సరికాదు. ముద్ర కూడా చాలదు, సాదా ఉక్కు మీద కూడా ఎచ్ఎస్ఎస్ అని కొట్టి అమ్ముతారు. సానరాయి మీద కాడ చివర ఒక్కసారి తాకిస్తే తేడా తెలుస్తుంది: కార్బన్ ఉక్కు నుంచి తెల్లని, పసుపు నిప్పురవ్వలు చిట్లిపోతూ లేస్తాయి, టంగ్‌స్టన్ కలిసిన ఉక్కు నుంచి మసక ఎరుపు రవ్వలు పొట్టిగా, చిట్లకుండా రాలుతాయి. చాలా బిట్లకు కాడను వేరే మామూలు ఉక్కుతో అతికిస్తారు కనుక, కాడ ఒక్కటే కాక గాడి మొదలు కూడా తాకించి చూడాలి.

మిగిలిన పరీక్షలకు పరికరమేదీ అక్కరలేదు. బిట్టును అద్దం మీద దొర్లిస్తే మొన పైకీ కిందికీ ఊగకూడదు. ఊగితే కాడ వంకర, బెజ్జం గుండ్రం రాదు. రెండు కోత అంచులు ఒకే పొడవుండాలి. ఒకటి పొడవైతే కేంద్రం తప్పి 8 మిల్లీమీటర్ల బిట్టు అంతకన్నా వెడల్పు బెజ్జం వేస్తుంది. గాడి లోపలి గోడ సానపట్టి నునుపుగా ఉంటే పొట్టు జారుతుంది, పోతపోసినట్టు గరుకుగా ఉంటే ఏగిస జిగురు అక్కడే పట్టుకుంటుంది. చెన్నైలోని అడిసన్ వంటి పాత భారతీయ తయారీదారులు చేసే లోహపు బిట్లు కొలతకు నమ్మదగినవి; కర్ర ముళ్ల బిట్లు, ఫోర్స్ట్‌నర్‌లు మాత్రం చిన్న ఊళ్లలో ఎక్కువగా దిగుమతి పెట్టెల్లోనే దొరుకుతాయి, వాటిని పెట్టెగా కాక ఒక్కొక్కటిగా చూసి ఎంచుకోవడం మేలు. నలభై బిట్ల పెట్టె కన్నా నిత్యం వాడే ఐదారు కొలతల్లో మంచి బిట్లు కొనడం లాభసాటి.

కాడ రూపం చివరి సంగతి. గుండ్రటి కాడ పెద్ద కొలతల్లో చక్కులో జారుతుంది. మూడు చదునులున్న కాడ జారదు. 6.35 మిల్లీమీటర్ల ఆరు పలకల కాడ బ్యాటరీ డ్రిల్లుకు అనుకూలమైనా కొద్దిగా ఊగుతుంది, కచ్చితమైన కీలు పనికి తగదు.

కొలత

ఖమ్మం ప్రాంతంలో కర్ర అంగుళాల్లో, నూళ్లలో కొలుస్తారు, బిట్లు మిల్లీమీటర్లలో వస్తాయి. ఒక నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3.175 మిల్లీమీటర్లు. రెండు నూళ్లు 6.35, మూడు నూళ్లు 9.525, నాలుగు నూళ్లు 12.7. మూడు నూళ్ల కొయ్యచీలకు 10 మిల్లీమీటర్ల బిట్టు వాడితే దాదాపు అర మిల్లీమీటరు వదులు మిగులుతుంది, ఆ చీల జిగురుతో తప్ప నిలవదు. కాబట్టి చీలలను బిట్టుకు తగ్గట్టు చెక్కుకోవాలి, లేదా అంగుళపు బిట్లే తెచ్చుకోవాలి. రెండు కొలతలను ఒక పనిలో కలపడం చెడ్డ అలవాటు. పచ్చి కర్రలో వేసిన బెజ్జం ఎండిన తరువాత గుండ్రంగా ఉండదు, ఎందుకంటే కర్ర పొడవునా దాదాపు ముడుచుకోదు, అడ్డంగా ముడుచుకుంటుంది. జామాయిలులో ఇది బాగా కనిపిస్తుంది, టేకులో తక్కువ.

స్క్రూల ముందు బెజ్జానికి సూత్రం సులువు. మెత్తని కర్రలో స్క్రూ మర లోపలి కాండం కన్నా సన్నగా, గట్టి కర్రలో దానితో దాదాపు సమానంగా ఉండాలి. 8 నంబరు స్క్రూకు నల్లమద్దిలో 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయకుండా మిషనుతో తిప్పితే తల తెగుతుంది, ఇత్తడి స్క్రూ అయితే తప్పక తెగుతుంది. మద్ది, తుమ్మ వంటి కషాయపు కర్రల్లో ఇనుప స్క్రూ తేమతో కలిసి నల్ల మరక పెడుతుంది.

మూడు పనులు, మూడు బిట్లు

ద్వారబంధపు మూలను బిగించే పాత పద్ధతిలో నిలువు కమ్మిలో తొలిచిన బెజ్జంలోకి అడ్డకమ్మి కుసి దూరుతుంది, ఆ రెండింటినీ దాటి ఒక కొయ్యచీల దిగుతుంది. నేర్పరులు రెండు కన్నాలను ఒకేచోట వేయరు. ముందుగా నిలువు కమ్మిలో ముళ్ల బిట్టుతో మూడు నూళ్ల బెజ్జం వేసి, కుసిని దూర్చి, అదే బిట్టు నడిమి ముల్లుతో కుసి మీద గుర్తు పెట్టి, కుసిని బయటికి తీసి, ఆ గుర్తుకు అర నూలు, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, భుజం వైపు జరిపి తొలుస్తారు. తరువాత కొస సన్నగా చెక్కిన చీలను కొడితే అది కొద్దిగా వంగుతూ దిగి కుసిని లోపలికి లాగి పడుతుంది, జిగురు లేకుండానే తరాల పాటు పట్టు సడలదు. ఈ పనిలో బిట్టు అర మిల్లీమీటరు ఊగినా లెక్క తప్పుతుంది, అందుకే దీనికి ముల్లు సరిగా నిలిచే కొత్త బిట్టును విడిగా ఉంచుకోవడం మంచిది.

వంటింటి అల్మారాల్లో ఇప్పుడు వాడే లోపలి కీలుకు 35 మిల్లీమీటర్ల గుంట, 12 నుంచి 13 మిల్లీమీటర్ల లోతు కావాలి. ప్లైవుడ్డు మందం 18 మిల్లీమీటర్లు, కాబట్టి గుంట కింద మిగిలేది ఐదారు మిల్లీమీటర్లే. నడిమి ముల్లు అంతకన్నా పొడవుంటే ముఖం వైపు చుక్క పొడుస్తుంది, లామినేట్ పాడవుతుంది. అందువల్ల కీలు పనికి చేసిన పొట్టి ముల్లు బిట్టు ఒక్కటే తగినది. దాని కార్బైడ్ అంచు జిగురు పొరలను కూడా ఓర్చుకుంటుంది.

గొర్రు జడ్డిగం మూడోది. గట్టి కర్రను గిన్నెలా తొలిచి, దాని అడుగున గొర్రుకు ఎన్ని పళ్లుంటే అన్ని కన్నాలు వాలుగా వేసి, వాటికి వెదురు గొట్టాలు బిగిస్తారు. రైతు పిడికిట విడిచే గింజలు ఆ కన్నాల ద్వారానే సాళ్లలో పడతాయి. కన్నం వాలుగా ఉన్నందున ముళ్ల బిట్టు ఒక పక్క ముల్లే ముందు తగిలి జారుతుంది. గిన్నె అడుగును ముందు ఉలితో కన్నపు వాలుకు ఎదురుగా చిన్న చదును చేసి, ఫోర్స్ట్‌నర్‌తో కొద్ది లోతు తీసి, మిగిలినది అదే కొలత ఆగర్‌తో దింపితే దారి తప్పదు. లోపలి గోడ గరుకుగా ఉంటే జొన్న, కంది వంటి గింజలు అక్కడ ఆగి ఒక సాలు వెలితి పడుతుంది, అది మొలకలు వచ్చాక గాని తెలియదు. పత్తి, మిర్చి సాగు పెరిగి, ట్రాక్టరు గొర్రులు వచ్చి ఈ పని తగ్గినా, మొత్తం వడ్రంగంలో బిట్టు తప్పును రైతు పొలంలో చూపించే వస్తువు ఇదొక్కటే.

వేగం, వేడి, సాన

బిట్టు అంచు వేగం దాని వ్యాసాన్ని, చుట్లను బట్టి పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల బిట్టు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే అంచు నిమిషానికి 57 మీటర్లు పోతుంది. 35 మిల్లీమీటర్ల బిట్టు 500 చుట్లకే 55 మీటర్లు పోతుంది. అందువల్ల సన్నని బిట్టుకు వాడిన వేగాన్నే పెద్ద ఫోర్స్ట్‌నర్‌కు వాడితే పొగ రావడం సహజం, తప్పు బిట్టుది కాదు. పొగ కనిపించగానే నొక్కుడు పెంచడం కాక, బిట్టును బయటికి లాగి పొట్టు దులిపి, చుట్లు తగ్గించాలి. లోతు బెజ్జంలో బిట్టు వ్యాసానికి రెండు మూడింతల లోతు దిగినప్పుడల్లా ఒకసారి బయటికి తీయడం అలవాటు కావాలి. బయటి వైపు పోగులు లేవకుండా కింద పనికిరాని చెక్క ముక్క బిగించడం ఖర్చులేని జాగ్రత్త, తాటికి, ప్లైవుడ్డుకు అది తప్పనిసరి. తిరిగే బిట్టు దగ్గర చేతికి గ్లౌజులు వేసుకోకూడదు, అవి చుట్టుకొని వేళ్లను లాగుతాయి. జిట్రేగి పొట్టు కొందరి చర్మానికి పడదు. గట్టి కర్రల పొట్టును ఏళ్ల తరబడి పీల్చడం ముక్కు కాన్సరుకు దారితీయగలదని ప్రపంచ స్థాయిలో నిర్ధారించారు, కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోవడం వడ్రంగికి మర్యాద తక్కువ పని కాదు.

ముళ్ల బిట్టుకు సన్నని ముక్కోణపు ఆకురాయితో లోపలి వైపే పదును పెట్టాలి. పక్క ముల్లు బయటి ముఖాన్ని తాకితే బిట్టు వ్యాసం తగ్గి, దాని గోడ బెజ్జంలో రాసుకొని వేడెక్కుతుంది. ఒకసారి తగ్గిన వ్యాసం మళ్లీ రాదు. ఫోర్స్ట్‌నర్ వలయానికి కూడా ఇదే నియమం. సానరాయి మీద కాగిన ఎచ్ఎస్ఎస్ బిట్టును నీళ్లలో ముంచకూడదు, కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. కార్బన్ ఉక్కును మాత్రం అది నీలం తిరిగేలోపు తరచు తడపాలి. ఏగిస, టేకుల జిగురు, నూనె పట్టిన గాడులను చాకలిసోడా కలిపిన వేడినీటిలో నానబెట్టి బ్రష్‌తో రుద్ది, తుడిచి, కొద్దిగా నూనె రాసి పెట్టాలి. ఒకదానితో ఒకటి తగిలేలా డబ్బాలో పోసి ఉంచిన బిట్లలో ముళ్లు మొదటి వారంలోనే మొద్దుబారతాయి. తుక్కు వెదురు కణుపుల మధ్య ముక్కను కోసి, ఒక్కో బిట్టుకు ఒక్కో గొట్టంగా వాడడం ఈ అడవి అంచున ఖర్చులేని ఏర్పాటు.